మంచాన పడ్డవాళ్ళ లెక్క

ఒడిశా గంజాం జిల్లా చికిటిలో మా ఉత్సవాల కమిటీ దగ్గర ఈసారి ఖర్చులు పోను కొంత సొమ్ము మిగిలింది. సొమ్ము మిగిలితే మాటా మాటా రాకుండా ఉండదు. కమిటీలో పెద్దలు ఇద్దరు. ఒకరు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. రెండోవారు ఆయన దగ్గరే చదువుకుని, లెక్కలు రాకే తాపీ పట్టానని చెప్పుకునే మేస్త్రీ. బరంపురం దాకా ఆయన కట్టిన ఇళ్ళున్నాయి. కుర్రాళ్ళకి హెల్మెట్లు కొనిపెడదామని మాస్టారు. తాళ్ళు, నడుం బెల్టులు, ఒక గట్టి పలక స్ట్రెచర్, నడుం విరిగి మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి ఎరువిచ్చేందుకు రెండు ఎయిర్ బెడ్లు కొందామని మేస్త్రీ. పద్దు రాసేవాణ్ణి నేనే కాబట్టి వాదన మొదట్నుంచీ విన్నాను. మధ్యమధ్య ఇద్దరూ ఒడియాలోకి దిగి అనుకున్న మాటలు మాత్రం ఇక్కడ రాయడం లేదు.

మాస్టారు: వెన్నుపాము దెబ్బ ఎంత అరుదో తెలుసా నీకు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో పెద్ద నివేదికే వేసింది. పది లక్షల జనాభాకి ఏడాదికి 40 నుంచి 80 కొత్త కేసులట. అంటే లక్షకి నలుగురు, మహా అయితే ఎనిమిదిమంది. మన బ్లాకంతా గాలించినా చేతివేళ్ళు చాలతాయి. కుక్క కరిచి సూదిమందుకి వెళ్ళేవాళ్ళు అంతకి ఎన్ని రెట్లో ఆసుపత్రి వరండాలో నిలబడి చూడు.

మేస్త్రీ: ఆ నలుగురూ ఎవరో ముందు చెప్పండి.

మాస్టారు: ఎవరైతే ఏం? సంఖ్య సంఖ్యే.

మేస్త్రీ: అదేటండీ అలాగంటారు! నాకు తెలిసినవాళ్ళని చెప్తాను, వినండి. ఒకడు స్లాబు కింద సెంట్రింగ్ పలకలు విప్పుతూ పడ్డాడు. ఒకడు కొబ్బరికాయలు దించుతూ జారాడు. ఇంకొకడు తిత్లీ తుపాను వెళ్ళిన మర్నాడు రేకులు సరిచేద్దామని ఇంటిమీదికెక్కాడు, రేకు విరిగి లోపలికే పడ్డాడు. ముగ్గురూ మగాళ్ళే. ముగ్గురికీ బడికెళ్ళే పిల్లలున్నారు. నలభై దాటినవాడు ఒక్కడూ లేడు. ఇంట్లో అందరికీ తెచ్చి పెట్టేవాడే పడిపోతే, వాడు ఒక్కడి కిందే లెక్కా?

మాస్టారు: నివేదికా అదే చెప్పింది, నేను కాదన్లేదు. ఆడవాళ్ళకన్నా మగవాళ్ళు కనీసం రెండింతలు. మగవాళ్ళలో ఎక్కువ ప్రమాదం 20 నుంచి 29 ఏళ్ళ మధ్య, మళ్ళీ డెబ్బై దాటాక. ఆడవాళ్ళలో 15 నుంచి 19 మధ్య, మళ్ళీ అరవై దాటాక. ఈ రెండో గుంపు నీకు కనబడటం లేదు. అమెరికాలో 1970లలో దెబ్బ తగిలేనాటికి సగటు వయసు 29. ఇప్పుడది 43. కుర్రాడు కారు గుద్ది పడ్డ రోజులు పోయి, ముసలాయన బాత్రూంలో జారి పడుతున్న రోజులు వచ్చాయక్కడ. జపానులో మరీను.

మేస్త్రీ: మన ముసలాళ్ళు జారరా మరి?

మాస్టారు: జారతారు.

మేస్త్రీ: జారి, పొద్దున్నకి కాళ్ళూ చేతులూ స్వాధీనం తప్పితే ఏమంటాం? పక్షవాతం అంటాం. నూనె రాయిస్తాం. మెడ దగ్గర ఎముక అరిగి, లోపలి దారి ముందే ఇరుకైపోయి ఉంటుందనీ, చిన్న దెబ్బకే పాము నలిగిపోతుందనీ బరంపురం పెద్దాసుపత్రిలో ఒక డాక్టరుగారు చెప్పేదాకా నాకూ తెలీదు. మీ పుస్తకంలో ఉన్న ముసలాళ్ళు మన ఊళ్ళోనూ ఉన్నారు. వేరే పేరుమీద పోతున్నారు.

(ఇక్కడ మాస్టారు ఒప్పుకున్నట్టు తల ఊపారు గానీ పైకి అనలేదు. ఉపాధ్యాయులకి అది అంత సులువుగా రాదు.)

మాస్టారు: సరే, కారణం దగ్గరికి రా. పదహారో నంబరు హైవే మనకి దగ్గర్లోనే ఉంది. 2022లో దేశం మొత్తం మీద రోడ్డుమీద చచ్చిపోయినవాళ్ళు 1,68,491 మంది. అందులో వందకి నలభైనాలుగు పైచిలుకు మోటారు సైకిళ్ళమీద పోయినవాళ్ళు. గిరిసోల, ఇచ్ఛాపురం వైపు మన కుర్రాళ్ళు ముగ్గురేసి ఒక్క బండెక్కి పోతుంటారు. నడుములు విరిగేది అక్కడ. అందుకే హెల్మెట్ అంటున్నాను.

మేస్త్రీ: హెల్మెట్ తలకాయకి గదండీ, నడుముకి ఏటి చేస్తుంది?

మాస్టారు: హెల్మెట్ పెట్టుకుంటే మెడ విరుగుతుందని మీ కుర్రాళ్ళు అంటారే, అది అపోహ. తలకి దెబ్బ తగ్గితే మెడకీ తగ్గుతుంది.

మేస్త్రీ: పెట్టుకోవద్దని నేననను. కానీ మీరు చదివింది చచ్చిపోయినవాళ్ళ లెక్క. బతికి, నడుం కింద చచ్చుబడినవాడు ఏ గడిలో ఉన్నాడు?

మాస్టారు: తీవ్ర గాయాల గడిలో.

మేస్త్రీ: చెయ్యి విరిగి ఆరు వారాలకి మళ్ళీ బండెక్కినవాడూ ఆ గడిలోనే ఉంటాడు గదా? ఇద్దరికీ ఒకటే అంకె. పోనీ రోడ్డు మీద పడ్డవాడికి పోలీసు కాగితమైనా ఉంటుంది. చెట్టుమీంచి పడ్డవాడికి? చచ్చిపోతే పోలీసులు రాసుకుంటారు, ఢిల్లీ లెక్కలో పడతాడు. బతికితే ఎవరూ రాయరు. సూరత్ సంగతి చెప్పమంటారా? గంజాంలో ఇంటికొకడు అక్కడే ఉన్నాడు. మరమగ్గాల షెడ్లలో కొందరు, బిల్డింగు పనుల్లో కొందరు. అక్కడ పడితే, రాస్తే అక్కడి ఆసుపత్రివాళ్ళు రాస్తారు. మంచం మాత్రం ఇక్కడికే వస్తుంది, బరంపురం స్టేషనుకి, నలుగురు మోసుకుంటూ.

మాస్టారు: దేశం మొత్తానికి ఈ దెబ్బలకంటూ ఒక రిజిస్టరు లేదు. నిజమే. ఉన్నవల్లా ఆసుపత్రుల్లో డాక్టర్లు తమ దగ్గరికొచ్చిన రోగుల మీద రాసుకున్న వ్యాసాలు.

మేస్త్రీ: వాటిల్లో ఏముంది?

మాస్టారు: నువ్వు సంతోషించే సంగతే ఉంది. ధనిక దేశాల్లో చాలాచోట్ల వాహన ప్రమాదాలది మొదటి పీట. మన పల్లె ప్రాంతాల ఆసుపత్రుల్లో చాలావాటిలో ఎత్తునుంచి పడటానిదే మొదటి పీట. ఏ ఊరికి ఆ ఊరి పద్ధతి ఉంటుంది. కాశ్మీరులో శరదృతువులో అక్రోటు కాయలు దులపడానికి చెట్లెక్కి పడతారు. ఏటా ఆ రోజుల్లో ఆసుపత్రుల్లో మంచాలు నిండుతాయి. బంగ్లాదేశ్‌లో నెత్తిమీద బరువుతో నడుస్తూ తూలిపడి మెడ విరిగేవాళ్ళు ఎక్కువ. ఇంకో సంగతి. దుపట్టా బండి చక్రంలోనో నూర్పిడి యంత్రంలోనో చిక్కుకుని మెడకి దెబ్బ తగిలిన ఆడపిల్లల గురించి మన దేశపు డాక్టర్లు ప్రత్యేకంగా రాశారు.

మేస్త్రీ: మనకి కొబ్బరీ తాడీ. ఉద్దానం నుంచి ఇటు సోనాపురం ఇసకదాకా చెట్టెక్కి బతికేవాళ్ళు ఎంతమందండీ! కిందనుంచి చూస్తే కొబ్బరిచెట్టు అందం. పట్టా వేసుకుని వానకి తడిసిన మానుమీద కాలు పెట్టినవాణ్ణి అడగాలి.

మాస్టారు: దెబ్బ తగలకుండా వచ్చేవీ ఉన్నాయి, మర్చిపోకు. వెన్నెముకకి క్షయ పట్టి పాము నొక్కుకుపోయేది మన దేశంలో తక్కువేం కాదు. ముందే కనిపెడితే మందులతో పోతుంది. నెలల తరబడి నడుం నొప్పి, సాయంత్రం జ్వరం, ఒళ్ళు తగ్గిపోవడం ఉంటే నాటువైద్యం మాని ఎక్స్‌రే ఫొటో తీయించుకోవాలి. కానీ నీ తాళ్ళ బేరానికి అది అడ్డం గనక నువ్వు చెప్పవు.

మేస్త్రీ: చెప్పారుగా మీరు. పద్దు రాసే బాబు రాసుకుంటాడు.

మాస్టారు: ఇదంతా అయ్యాక కూడా నా మాట నాదే. గంజాం జిల్లా 2011 జనాభా 35 లక్షల పైమాట. నివేదిక రేటు పట్టుకుంటే జిల్లా అంతటికీ ఏడాదికి 140 నుంచి 280 మంది. మధ్యలో 200 అనుకో. ముప్పై అయిదు లక్షల్లో రెండొందలు. దీనికోసం మన చిన్న కమిటీ సొమ్ము పెట్టాలా?

మేస్త్రీ: ఏడాదికి రెండొందలంటే, పోయినేడు పడ్డ రెండొందలూ ఏమయ్యారు?

మాస్టారు: వాళ్ళూ ఉంటారు.

మేస్త్రీ: అటుముందేడు వాళ్ళో? కుక్క కరిచినవాడు సూదులేయించుకుని ఇంటికెళ్ళిపోతాడు. మలేరియా తగ్గిపోతుంది. వీడు తగ్గి వెళ్ళిపోయేవాడు కాదు గదా. ఇరవై అయిదేళ్ళకి పడితే, బతికినన్నాళ్ళూ లెక్కలోనే ఉండాలి.

మాస్టారు: అది వేరే లెక్క. ఏడాదికి కొత్తగా ఎంతమంది అన్నది ఒకటి, ఒక రోజున మొత్తం ఎంతమంది ఉన్నారన్నది ఇంకొకటి. దానికీ అంకె ఉంది. ప్రపంచంలో వెన్నుపాము దెబ్బతో బతుకుతున్నవాళ్ళు కోటీ యాభై లక్షలకి పైనే అని 2024లో అదే సంస్థ చెప్పింది. ఎనిమిది వందల కోట్ల జనంలో... అయిదొందల ముప్పైమందికి ఒకడు పడతాడు. గంజాంకి వర్తింపజేస్తే... ఆరు వేల ఆరొందలు.

మేస్త్రీ: ఎంతా?

మాస్టారు: ఆరువేల ఆరొందలు. ఇంకోవైపునుంచీ సరిపోతుంది చూడు. ఏడాదికి రెండొందల మంది చొప్పున, ఒక్కొక్కడు దెబ్బ తగిలాక ముప్పై ఏళ్ళు బతికితే, ఆరు వేలు.

మేస్త్రీ: మాస్టారూ, గంజాంలో ఆరు వేలమందిని చూపించండి నాకు. చక్రాల కుర్చీ మీద బజారుకొచ్చినవాణ్ణి చికిటిలో ఎప్పుడైనా చూశారా? నేను చెప్పిన ముగ్గురిలో ఇద్దరు పోయారు. ఒకడు ఏడాది తిరక్కుండానే. వెన్ను విరిగి కాదు. పిర్రమీద పుండుపడి, అది ఎముకదాకా దిగి, జ్వరం వచ్చి. రెండోవాడికి మూత్రంలో చీము.

(మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. ఆయన వేసిన గుణకారం ఆయనకే అడ్డం తిరిగింది. ముప్పై ఏళ్ళు అన్న అంకె దగ్గరే ఉంది చిక్కంతా.)

మాస్టారు: ఆ ఆరు వేలల్లో పాము పూర్తిగా తెగక, కర్ర పట్టుకుని నడిచేవాళ్ళు కూడా కలిసి ఉంటారు. అందరూ మంచంమీదివాళ్ళు కారు. ప్రపంచ సగటు తెచ్చి జిల్లాకి అతికించడం కూడా సరైన పద్ధతి కాదు, అది నేను విద్యార్థులకి చెప్పినదే. అయినా... తక్కువమంది కనబడుతున్నారంటే తక్కువమంది పడుతున్నారని అనుకున్నాను. తొందరగా పోతున్నారన్నది రెండో అర్థం. ఈ దెబ్బ తగిలినవాళ్ళు మిగతావాళ్ళకన్నా ముందే పోయే అవకాశం రెండు నుంచి అయిదు రెట్లని నివేదికలోనే ఉంది. పేద దేశాల్లో మరీ ఘోరమనీ ఉంది. చదివాను గానీ ఇటు కలిపి చూడలేదు.

మేస్త్రీ: పుండు పడకుండా ఆపలేమా? ఎవరి చేతిలోనూ లేనిదా అది?

మాస్టారు: ఆపచ్చు. 1944లో ఇంగ్లండులో స్టోక్ మాండవిల్ అనే చోట లుడ్విగ్ గట్‌మన్ అనే డాక్టరు చేసి చూపించాడు. హిట్లరు జర్మనీనుంచి పారిపోయి వచ్చిన యూదు వైద్యుడు. అంతకుముందు యుద్ధంలో నడుం విరిగిన సైనికుణ్ణి ఓ మూల పడుకోబెట్టి చావుకోసం ఎదురుచూసేవారు. ఆయన రెండు గంటలకోసారి పక్కకి తిప్పమన్నాడు, రాత్రిళ్ళు కూడా. మూత్రం సంగతి శుభ్రంగా చూడమన్నాడు. లేపి కూర్చోబెట్టి చేతికి పని, ఆట ఇచ్చాడు. పారాలింపిక్స్ పుట్టింది అక్కడే.

మేస్త్రీ: దొరల దేశం.

మాస్టారు: మన దేశంలోనూ ఉంది. వెల్లూరులో మేరీ వర్గీస్ అనే డాక్టరమ్మకి 1954లో కారు ప్రమాదంలో నడుం కింద చచ్చుబడిపోయింది. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకి ఆపరేషన్లు చేసింది. తర్వాత 1966లో అక్కడ పునరావాస కేంద్రం ఆవిడ చేతుల మీదుగానే మొదలైంది. మనవాళ్ళు బరంపురంలో రైలెక్కి వెల్లూరు పోతారే, ఆ ఆసుపత్రే. ఢిల్లీలో వెన్నెముక గాయాల కేంద్రం పెట్టిన మేజర్ అహ్లూవాలియా 1965లో ఎవరెస్టు ఎక్కినవాడు. అదే ఏడు యుద్ధంలో తూటా తగిలి కుర్చీకి పరిమితమయ్యాడు. మన ఒడిశాలోనూ కటకం దగ్గర ఓలట్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వపు పునరావాస సంస్థ ఉంది.

మేస్త్రీ: ఓలట్‌పూర్ తీసుకెళ్ళేదెవరు? మొగుణ్ణి తీసుకుని ఆడమనిషి రెండు నెలలు అక్కడ ఉంటే ఇక్కడ పిల్లలకి అన్నం ఎవరు పెడతారు? ఆపరేషన్‌కి సర్కారు కార్డు ఉంది, ఊచలూ మరలూ వేసి పంపేస్తారు. ఇంటికొచ్చాక మొదలవుతుంది అసలు కథ. రెండు గంటలకోసారి తిప్పాలని ఆ ఆడమనిషికి కాగితం మీద రాసి ఇచ్చారు. ఆవిడకి చదువు రాదు. పైగా పగలు జీడితోటలో కూలికెళ్ళాలి.

మాస్టారు: పింఛను వస్తుంది గదా?

మేస్త్రీ: అది అడక్కండి. అవతల ఆంధ్రాలోని ఇచ్ఛాపురంలో మంచానికే పరిమితమైనవాడికి 2024 నుంచి నెలకి పదిహేను వేలు ఇస్తున్నారు. ఇక్కడ మధుబాబు పింఛను అందులో నాలుగో వంతు కూడా ఉండదు. ఇద్దరిదీ ఒకటే నడుం, ఒకటే భాష, ఒకటే కొబ్బరిచెట్టు. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు గీసిన గీతకి అవతల పడ్డవాడు ఒకలా, ఇవతల పడ్డవాడు ఒకలా.

మాస్టారు: ఆంధ్రావాళ్ళు ఇస్తున్నది ఎక్కువ కాదు, మనం ఇస్తున్నది తక్కువ. సరే, ఎయిర్ బెడ్లకి ఒప్పుకున్నాను. కానీ తాళ్ళకీ బెల్టులకీ ఒప్పుకోను.

మేస్త్రీ: అదేటి! పడకుండా ఆపేది అదే గదా. తెలంగాణలో 2024లో గీత కార్మికులకి కాటమయ్య రక్షణ కవచం అని సర్కారే కిట్లు పంచింది. కొబ్బరి బోర్డు చెట్లెక్కేవాళ్ళకి బీమా పెట్టింది. మనం నాలుగు బెల్టులు కొనలేమా?

మాస్టారు: చెట్లెక్కేవాడికి కొను. వాడికి యజమాని లేడు, తోటకి తోటకీ మారేవాడు. నీ పరంజా మీది కూలివాడికి మాత్రం కొనకు. నీ సైట్లో ఎన్ని బెల్టులున్నాయి మేస్త్రీ?

మేస్త్రీ: ...

మాస్టారు: చెప్పు.

మేస్త్రీ: బెల్టు కట్టుకుంటే పని సాగదంటారండీ వాళ్ళు.

మాస్టారు: వాళ్ళంటారా, నువ్వంటావా? వెదురు బొంగులు కొబ్బరితాడుతో కట్టి మూడో అంతస్తుకి మనిషిని ఎక్కిస్తారు. రోజుకి పది గజాలు తక్కువ పూత పడుతుందని బెల్టు మానేస్తారు. భవన నిర్మాణ కార్మికులకి 1996లోనే చట్టం వచ్చింది, కట్టడం ఖర్చులో నూటికొక రూపాయి సెస్సు వాళ్ళ సంక్షేమానికే. అందులోనూ పది లక్షల లోపు సొంతిల్లు కట్టుకునేవాళ్ళకి మినహాయింపు పెట్టారు. మన ఊరి ఇళ్ళన్నీ ఆ సందులోంచే జారుకున్నాయి. అమ్మవారి పేరు చెప్పి జనం ఇచ్చిన చందాతో కాంట్రాక్టరు బాధ్యత మనం మోస్తే, రేపు వాడు బెల్టు చిరిగిందని కూడా మన దగ్గరికే వస్తాడు.

మేస్త్రీ: దానికి నా దగ్గర జవాబు లేదు. కొంటాను, నా డబ్బుతో. కానీ హెల్మెట్లు కూడా కమిటీ కొనకూడదు మరి. లక్ష రూపాయల బండి కొన్నవాడు వెయ్యి రూపాయల టోపీ కొనుక్కోలేడా?

మాస్టారు: అది న్యాయమే.

ఇద్దరూ మొదట్నుంచీ ఒక్క మాట మీద ఉన్నది పలక స్ట్రెచర్ విషయంలోనే. దాని మీద వాదనే లేదు. పడ్డవాడిని చంకల్లో చేతులేసి ఒకడు, కాళ్ళు పట్టుకుని ఒకడు ఎత్తి, ఆటోలో కుక్కి తీసుకెళ్ళడం ఇద్దరూ చూసినవాళ్ళే. పడ్డప్పుడు సగం దెబ్బతిన్న పాము ఎత్తినప్పుడు పూర్తిగా దెబ్బతినొచ్చు. కాళ్ళు కదిపినవాడు ఆసుపత్రికి చేరేసరికి కదపలేకపోవడానికి ఒక్కోసారి కారణం అదే.

చివరికి నేను రాసిన పద్దు ఇది: రెండు ఎయిర్ బెడ్లు, ఒక పలక, మెడకి రెండు గట్టి పట్టీలు, చెట్లెక్కేవాళ్ళకి నడుం పట్టాలు. హెల్మెట్లకి సున్నా, పరంజా బెల్టులకి సున్నా. నా మట్టుకు నాకు మాస్టారి గుణకారమే అన్నిటికన్నా ఎక్కువ గుర్తుంది. ప్రతి గ్రామ పంచాయతీ తన పరిధిలో నడుం కింద చచ్చుబడినవాళ్ళ పేర్లు, పడిన ఏడు, పడిన చోటు ఒక పుస్తకంలో రాసిపెడితే, పదేళ్ళలో ఆ ముప్పై అన్న అంకె మనకి ఎంతో తేలిపోతుంది. ఆశా కార్యకర్తలకి ఇది చేతకాని పని కాదు. ఇంటింటికీ ఎలాగూ వెళ్తూనే ఉన్నారు.

అంతదాకా, ఇది చదివేవాళ్ళకి ఒక మనవి. మీ ఊళ్ళో ఎవరైనా చెట్టుమీంచో, ఇంటిమీంచో, బండిమీంచో పడి, మెడా నడుమూ నొప్పంటే, కాళ్ళు తిమ్మిరెక్కాయంటే, లేపి కూర్చోబెట్టకండి. నీళ్ళు తాగించకండి. తలా మెడా నడుమూ ఒకే వరసలో కదలకుండా ఒకరు పట్టుకుని ఉండి, 108కి ఫోను చేయండి. అంబులెన్సు రాదని తేలితే, నలుగురైదుగురు కలిసి ఒకేసారి, దుంగ దొర్లించినట్టు, ఒక చెక్క తలుపు మీదికి ఎక్కించి కదలకుండా కట్టి తీసుకెళ్ళండి. ఇంటికొచ్చాక రెండు గంటలకోసారి పక్కకి తిప్పండి. ఎయిర్ బెడ్ ఉన్నా తిప్పాలి. చికిటి చుట్టుపక్కల ఎవరికైనా ఆ బెడ్ కావాలంటే మా కమిటీ దగ్గర ఉంది, అద్దె లేదు.